తుపాకీకి పూసిన పసుపు

నా చిన్నప్పుడు ఒక దసరాకి మా ఇంటి కుట్టుమిషనుకు పసుపు పూసే పని నాది. సూది కదిలే చోటూ, నూనె పోసే రంధ్రమూ దేన్నీ వదల్లేదు. యుద్ధం చేసి వచ్చిన మా మావయ్య అది చూసి నా చెయ్యి పట్టి లాగాడు. "ఒసే, నూనె ఎయ్యాల్సిన సోట ఏటే ఈ పసుపు?" పండగపూట అంత కోపమెందుకో నాకు తెలియలేదు.

తర్వాత కిరసనాయిలు గుడ్డతో మిషను తుడుస్తూ ఆయనే చెప్పాడు. యుద్ధంలో తుపాకీ పేల్చిన గంటలకన్నా తుడిచిన గంటలే ఎక్కువట. తాడుకు గుడ్డపీలిక కట్టి గొట్టంలోంచి లాగేవారు. తూటాను లోపలికి తోసే బోల్టుకు నూనె రాసేవారు. తడిసిన మేజోళ్లు తుపాకీమీదే ఆరేసుకునేవారు. పక్కింటి మామ్మ పెద్దకొడుకు ఆయనతో ఒకే కందకంలో ఉండేవాడు. దసరాకి తల్లి పంపిన పసుపును ముద్ద చేసి తుపాకీ అంతా పూశాడు. నీళ్లు కలిపి ఇచ్చింది మావయ్యే. మరునాడు శత్రువు ఎదురైతే, ఎండిన పసుపు పట్టేసి బోల్టు కదల్లేదు. ఆ కందకంలోంచి మావయ్య ఒక్కడే లేచాడు.

మామ్మకు మాత్రం ఆయన నిజం చెప్పలేదు. నువ్వు పంపిన పసుపు తుపాకీకి పూసుకునే పోరాడాడు పిన్నీ అన్నాడు. ఆవిడ ఆ మాట పట్టుకుని బతికింది.

మావయ్య నాకిది చెప్పిన నెలలోనే ఆవిడ రెండో కొడుకు సైన్యానికి బయలుదేరాడు. ఆమదాలవలస స్టేషన్లో వాడి చేతిలో మళ్లీ పసుపు పొట్లం పెట్టింది. "అన్న పూసినట్టే పుయ్యరా, అమ్మోరు సూసుకుంతాది." నేను మావయ్య మొహం చూశాను. ఇప్పుడైనా చెబుతాడనుకున్నాను. ఆయన నవ్వుతూ పొట్లం అందుకుని, సర్దుతున్నట్టు వంగి, వాడి పెట్టెలో నూనె సీసా, గుడ్డపీలికలు పెట్టాడు. "రోజూ దీన్తో తుడుసుకోరా, అదే పూజ," అని చెవిలో అన్నాడు. పొట్లం ఆయన జేబులోనే ఉండిపోయింది.

వాడు బతికి వచ్చాడు. పసుపే కాపాడిందని మామ్మ ఊరంతా చెప్పింది. అప్పట్నుంచి మా చుట్టుపక్కల సైన్యానికి వెళ్లే ప్రతి కుర్రాడికీ ఆవిడ చేతి పొట్లం అందేది. నూనె సీసా పట్టుకుని మావయ్య స్టేషన్‌కు పరిగెత్తేవాడు. కొందరిని అందుకున్నాడు. కొందరి రైలు అప్పటికే వెళ్లిపోయేది.

పెద్దయ్యాక నేను వేదికలెక్కి ఎందరి మూఢనమ్మకాలనో కడిగేశాను. పక్కింటి గడప దాటి మామ్మకు ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. అది జాలి అనుకున్నాను. ఆ మిషను ఇప్పుడు నా దగ్గరే ఉంది. దానికి నూనె వేసినప్పుడల్లా, మావయ్య అందుకోలేకపోయిన ఆ కుర్రాళ్లు గుర్తొస్తారు. మామ్మమీద జాలిపడేముందు మేం వాళ్లనెవరినీ అడగలేదు.