కిరసనాయిలు కాఫీ

సాంతోస్ రేవులో ఒకప్పుడు ఒలింపియో అంటే తెలియనివాడు లేడు. కాఫీ బస్తా భుజాన వేసుకుని ఓడకి వేసిన పలక మీద నడుస్తుంటే పక్కనున్నవాళ్ళు దారి ఇచ్చేవాళ్ళు. రెండు బస్తాలు ఒకేసారి ఎత్తి పందెం గెలిచిన రోజున తల్లి జెనరోజా పేటంతటినీ పిలిచి కాఫీ పోసింది. ఆవిడ మాత్రం తక్కువదా! గోదాములో బల్ల ముందు కూర్చుని పాడైన నల్ల గింజలు ఏరి ఏరి చూపు పోగొట్టుకున్న మనిషి. గడప తొక్కినవాడికి కాఫీ పోయకపోతే కుక్కని తరిమినట్టు తరిమినట్టే అనేది. రేవులో అందరి మాటా అదే.

అలాంటి ఇంట్లో కాఫీ గింజ లేని రోజు వచ్చింది.

ఎందుకొచ్చిందంటే ఏం చెప్పమంటారు! ఎక్కడో న్యూయార్కులో షేర్లు పడిపోయాయట. పడింది వాళ్ళ కాగితాలు, విరిగింది మా నడుములు. కొనే దేశం లేక, కొండమీది తోటల్లో పండిన కాఫీ అంతా రేవుకొచ్చి గోదాముల్లో ముక్కిపోయింది. అప్పుడు సర్కారు పెద్దలంతా కూర్చుని బుర్రలు బద్దలుకొట్టుకుని ఉపాయం కనిపెట్టారు: ధర లేవాలంటే సరుకు తగలెయ్యాలట! పుండు మానాలంటే కాలు నరకాలన్నట్టు. ఊరి బయట బస్తాలు కోసి, కుప్పలు పోసి, కిరసనాయిలు చల్లి నిప్పు పెట్టారు. గాలి ఇటు తిరిగిందంటే ఊరంతా వేగిన కాఫీ వాసన. ఇళ్ళలో మాత్రం మొక్కజొన్నలు మాడ్చి కాచిన నీళ్ళు.

ఓడలు లేవు గనక బస్తాల మోతపనీ లేదు. ఒలింపియో భార్య జుల్మీరా చేపల బజారులో పారేసిన తలకాయలు ఏరుకొచ్చి, కర్రపెండలం పిండిలో ఉడకేసేది. కడుపు మాట ఎలా ఉన్నా, జెనరోజాకి బెంగంతా వచ్చే చుట్టాల గురించే. సందులో అడుగుల చప్పుడు వినపడగానే కిటికీ మూయించేది. బయట ఎవరో తలుపు తడుతుంటే, లోపల ముగ్గురూ దొంగల్లా ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్ళు. సొంతింట్లో దాక్కోవడం కంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది?

చివరికి ఒలింపియోకి పని దొరికింది. ఎక్కడ? ఆ కాఫీ తగలేసే చోటే. పార పట్టుకుని గింజలు మంటలోకి తోయడం. జుల్మీరాకి చెప్పాడు గానీ తల్లికి చెప్పడానికి నోరు రాలేదు. మళ్ళీ ఓడ మీదే పని అన్నాడు.

"నీ చొక్కా ఏదో వాసనొస్తోందేంట్రా?" అంది ముసలిది.

"ఓడ పొగే అమ్మా. బొగ్గు."

"ఓహో, ఇప్పుడు ఓడలు కాఫీ వేయించుకుంటూ పోతున్నాయా?" అని అటు తిరిగి పడుకుంది. మరి అడగలేదు. ఆవిడకి తెలిసిపోయిందని వాడికి తెలిసింది. ఆ రోజు నుంచి తల్లి మంచం దగ్గరికి వెళ్ళాలంటే తల కొట్టేసినట్టు ఉండేది.

వర్షాల్లో ఆవిడకి జ్వరం పట్టుకుంది. పోయే ముందు కొడుకు మణికట్టు పట్టుకుని ఒక్కటే మాట అంది: "నా శవం చూడ్డానికి వచ్చినవాళ్ళని ఒట్టి నోటితో పంపించకురా." తెల్లారేసరికి ప్రాణం పోయింది.

సాయంత్రానికి పాతిపెట్టాలి, అప్పటిదాకా జనం వస్తూనే ఉంటారు. ఒలింపియో తల్లికి తల దగ్గర కొవ్వొత్తి వెలిగించి, "ఇప్పుడే వస్తా" అని పనిచోటికి పరిగెత్తాడు. కోయని బస్తాల దగ్గర తుపాకీల కాపలా. కిరసనాయిలు చల్లిన కుప్పకి మాత్రం కాపలా లేదు. ఏ మనిషి తాగుతాడని! రెండు బూట్ల నిండా గింజలు నింపుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ గేటు దాటాడు.

జుల్మీరా ఆ గింజల్ని బూడిదేసి తోమి, నిమ్మకాయ పిండి, ఎన్ని నీళ్ళు మార్చిందో దేవుడికే తెలుసు. "పోలేదు," అంది గిన్నె మీద మొహం పెట్టి. "ఇదేం పాపపు వాసనయ్యా, పోనంటోంది!"

"వేయించు. బెల్లం ఎక్కువెయ్యి. అందరూ ఏడుస్తూ ఉంటారు, పట్టించుకోరు."

వచ్చినవాళ్ళలో మేనమామ కొడుకు బెలార్మీనో ఉన్నాడు. కొండమీద తోటలో పనిచేసేవాడు. ధర పడిపోయిందని యజమాని కోతకూలి ఎగ్గొట్టి, గుడిసెలోంచి సామాను బయట పారేస్తే, పెళ్ళాం పిల్లలతో వచ్చి రైలు స్టేషన్లో తలదాచుకుంటున్నాడు. మేనత్త కాళ్ళ మీద చెయ్యి వేసి బావురుమన్నాడు. ఏడుపు ఆగాక కోపం వచ్చింది.

"చూశావా బావా? ఎండనక వాననక నా పిల్లలు కూడా కోసిన గింజలు! తగలెడుతున్నారు! ఆ మంటలో తోసే చేతులు విరిగిపోను! పురుగులు పడిపోను!"

ఒలింపియో చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

అంతలో జుల్మీరా కాఫీ తెచ్చింది. నిజం కాఫీ! ఏడుస్తున్నవాళ్ళు కూడా తలలెత్తారు. కప్పులు పంచింది. ఆవిరి మొహాలకి తగిలింది. ఎత్తిన కప్పులు ఎత్తినట్టే ఆగిపోయాయి.

ఎదురింటి యులాలియా అత్త నోటికి తాళం ఉండదు. "ఏమే జుల్మీరా, దీపంలో పోయాల్సింది కప్పులో పోశావేంటే?" అంది.

ఎవరో ఇకిలించి, శవం గుర్తొచ్చి ఆపుకున్నారు. కిరసనాయిలు కాఫీ ఊళ్ళో ఒకే ఒక్క చోట ఉంటుందని చంటిపిల్లలకి కూడా తెలుసు. అందరూ ఒలింపియో వైపు చూశారు. రెండు బస్తాలు ఎత్తిన మనిషి ఆ చూపులు మోయలేకపోయాడు. భూమి చీలితే అందులో దూరిపోదును అనుకున్నాడు. చచ్చిపోయిన తల్లి మొహం చూడ్డానికి కూడా సిగ్గేసింది.

బెలార్మీనో మాత్రం కప్పు నోటి దగ్గర పెట్టుకుని, ఆపకుండా, అడుగున మడ్డి దాకా తాగేశాడు. కప్పు కింద పెట్టి, "ఒకసారి బయటికి రా బావా," అన్నాడు.

కొడతాడనుకున్నాడు ఒలింపియో. కొట్టాలనే కోరుకున్నాడు. పెరట్లోకి వెళ్ళి చేతులు వేలాడేసి నిలబడ్డాడు.

"ఇందాక ఏదో కూశాను, మనసులో పెట్టుకోకు," అన్నాడు బెలార్మీనో నేల చూస్తూ. "అక్కడ... ఇంకొక మనిషిని తీసుకుంటారా?"

ఒలింపియో తలెత్తి అతని మొహంలోకి చూశాడు.

"చిన్నదానికి ఒళ్ళు కాలిపోతోంది బావా. స్టేషన్లో నేల మీద పడుకోబెట్టాను. నువ్వొక మాట చెబితే..."

"సోమవారం రా," అన్నాడు ఒలింపియో. "ముక్కుకి గుడ్డ కట్టుకో."

అంతకంటే ఏం చెప్పగలడు? జెనరోజాని ఆ సాయంత్రం వానలోనే పాతిపెట్టారు. కప్పులన్నీ ఖాళీ అయ్యాయని జుల్మీరా చెప్పింది. యులాలియా అత్త కూడా తాగిందట.

సోమవారం మేస్త్రీ బెలార్మీనోకి కత్తి ఇచ్చి బస్తాలు కోయమన్నాడు. ప్రతి బస్తా మీదా అది వచ్చిన తోట ముద్ర ఉంటుంది. ఒక బస్తా దగ్గర అతను ఆగాడు. తను పనిచేసిన తోట ముద్రే అది. తర్వాత బస్తాని దొర్లించి, ముద్ర నేలవైపు తిప్పి, పైవైపు కోశాడు. గింజలు జారిపోతుంటే ఒలింపియో పార తీసుకుని అటు తిరిగి నిలబడ్డాడు.