అక్క చూడని సినిమాలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో అందరికంటే ముందు చదువు పూర్తిచేసినవాణ్ణి నేనే. తోటివాళ్లు పదో తరగతి దాకా కిందా మీదా పడుతుంటే నేను ఏడో తరగతి సగంలోనే పూర్తిచేసేశాను. మాస్టారు కూడా అడ్డు చెప్పలేదు.

ఆ తరవాత పగలంతా నాన్నతో పొలంలో ఉండేవాణ్ణి. సాయంత్రం బడి నుంచి వచ్చినవాళ్లు లెక్కలూ పరీక్షలూ మాట్లాడుకుంటుంటే నాకు అందులో చోటు ఉండేది కాదు. నవ్వించమనేవారు, నవ్వేవారు, వెళ్లిపోయేవారు. పక్కన కూర్చుని మాట్లాడేవాడు మా మేనమామ కొడుకు ఒక్కడే. వరసకి బావ, వయసుకి జోడు. వాడికి ఉబ్బసం. పరుగులున్న ఆట దేనికీ వాణ్ణి ఎవరూ పిలిచేవారు కాదు. అలా పనికిరానివాళ్లం ఇద్దరం ఒక చోట చేరాం.

ఆదివారం వస్తే రాజాంలో బస్సెక్కి విజయనగరం పోయేవాళ్లం. అక్కడొక హాల్లో ఉదయం ఆటకి ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. అందులో ఒక గూఢచారి సినిమాల వరస ఉండేది. దొర ఒకడు తన సర్కారు పంపితే దేశాలు తిరిగి దుర్మార్గుల గుట్టు లాక్కొస్తాడు. సినిమా మారినా దొర పేరు మారదు, పని మారదు. వేషం కట్టే నటుడు మాత్రం మారిపోతుంటాడు. తగువంతా అక్కడే. నాది పాత దొర పార్టీ, బావది కొత్త దొర పార్టీ. ఇంగ్లీషు ముక్క ఇద్దరికీ రాదు కాబట్టి ఎవరికి తోచిన కథ వాళ్లది. వాదనకి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

ఆ వాదనలన్నీ పక్కింటి అక్క అరుగు మీదే జరిగేవి. వాళ్లు బాప్టిస్టులు. వాళ్ల నాన్న చర్చిలో పెద్ద. సినిమా హాలు గడప తొక్కకూడదన్నది ఆ ఇంటి కట్టడి. మేం అరుచుకుంటుంటే అక్క ఓ పక్కన ఏదో పని చేసుకుంటూ తలెత్తకుండా ఉండేది. వినడం లేదనే అనుకునేవాళ్లం.

ఒక సాయంత్రం మాట మీద మాట పెరిగింది. "నీ దొరకి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తాది. ఆడూ ఓ ఈరుడేటి?" అన్నాను. నేనన్నది తెర మీద దొరని. బావ ముఖం మాత్రం కందిపోయింది. "బడి ఎగ్గొట్టినోడివి, ఇంగ్లీసు సినిమా గురించి నీకేటి తెలుస్తాదిరా?" అని లేచి పోయాడు. ఊరంతా అన్న మాటే అది, నాకు కొత్త కాదు. వాడి నోట్లోంచి రావడం కొత్త.

ఆదివారాలు ఖాళీగా పోసాగాయి. వాడొచ్చే దారిలో నేను పోయేవాణ్ణి కాదు. ఇక నాతో మాట్లాడే మనిషే లేడన్న దిగులు నాలోపల గూడు కట్టింది. పైకి మాత్రం అందరినీ మరింత గట్టిగా నవ్వించేవాణ్ణి.

ఒకనాడు అక్క ఇద్దరినీ కేకేసింది. చింతపండు గుట్ట ముందేసుకుని పిక్కలు తీస్తోంది. "ఏట్రా, మీ దొరలిద్దరూ సచ్చిపోయారేటి? అరుగు మీద సప్పుడే నేదు!" అంది. మేం పెడముఖాలు పెట్టుకుని నిలబడ్డాం. "కూకోండి. తీర్పు నేను సెప్తాను. సినిమా ఎప్పుడూ సూడనేదు, నాకు ఏ పార్టీ నేదు. కానీ కొత్తోడి సినిమా నువ్వు సెప్పాల, పాతోడి సినిమా ఈడు సెప్పాల. ఎవుడు సెప్తంటే నా సెయ్యి ఆగిపోతాదో ఆడే గెలిసినట్టు."

కొత్త దొర కథని చెడగొట్టేద్దామనే మొదలెట్టాను. కానీ అక్క చెయ్యి ఆగడం లేదు, పిక్కలు టపటపా పడుతున్నాయి. నా కథకి చెయ్యి ఆగకపోవడమా! రోషం వచ్చి, దొరని దుర్మార్గులు తరిమే చోటు ఎత్తుకున్నాను. పరిగెత్తి పరిగెత్తి ఒక సందులో గోడకి చేరబడతాడు. గుండె మీద చెయ్యేసుకుంటాడు. వెనక బూట్ల చప్పుడు దగ్గరకొస్తోంది. ఆ చోట వాడు ఇంగ్లీషులో ఏదో గొణుగుతాడు. నేను దానికి మాట అతికించాను: "ఉండండ్రా బాబూ, ఊపిరి తీసుకోనీండి, పారిపోతాను గదా!" ఆ ఒక్క ఊపిరీ తీసుకుని మళ్లీ పరిగెత్తుతాడు, వాళ్లకి దొరకడు.

అక్క నవ్వింది. చెయ్యి ఆగింది. గెలిచానని బావ వైపు చూశాను. వాడు నవ్వడం లేదు. నన్నే చూస్తున్నాడు. వాడి చెయ్యి కూడా గుండె మీదే ఉంది. వాడికి ఆ దొర ఎందుకిష్టమో నాకు అప్పుడు తెలిసింది.

తరవాత వాడు పాత దొర సినిమా చెప్పాడు. పెద్ద విందు. బల్ల చుట్టూ సూటు వేసుకున్న మేధావులు. దొర ఏదో ఒక్క మాట అంటాడు, అందరూ పగలబడి నవ్వుతారు. ఆ నవ్వులో వాళ్లలో ఒకడి జేబులోంచి తాళంచెవి కొట్టేస్తాడు. అంతవరకూ జోరుగా చెప్పినవాడు అక్కడ గొంతు తగ్గించాడు. "ఆడ్ని ఏటి సదివీవని ఎవుడూ అడగడక్కా. అడిగినా ఆడికి లెక్క నేదు," అన్నాడు, చింతపండు వంక చూస్తూ. అక్క చెయ్యి మళ్లీ ఆగింది. నాకు కళ్లల్లో ఏదో పడింది, చింతపిక్క తొక్కే అయ్యుంటుంది.

తీర్పు అడిగాం. "ఇంకేటి తీర్పు? ఎదటోడి గొప్ప మీరే సెప్పేసినారు గదా! లేవండి. వచ్చే ఆదివారం ఏటి ఆడతాదో సూసొచ్చి ఇలాగే సెప్పండి," అంది.

ఆ 'ఇలాగే'లో ఏముందో మాకు చాలా ఏళ్ల దాకా తట్టలేదు. హాలు గడప తొక్కని అక్క ఆ వరసలో ఒక్క సినిమా కూడా వదలకుండా మా చేత చూపించుకుంది.

దొరలు ఇంకా వస్తూనే ఉన్నారు. ఇప్పుడు మా మనవళ్లు ఫోన్లు పట్టుకుని కొత్త ముఖం గొప్పా, పాత ముఖం గొప్పా అని కొట్టుకుంటారు. మా ఇంట్లో ఒకటే రూలు. ఎదుటివాడి దొర గురించి ముందు చెప్పు, ఇంట్లో ఎవరి చెయ్యయినా పని మధ్యలో ఆగాలి, ఆ తరవాత తిట్టుకో. సినిమాలకే కాదు, ఏ తగువులోనైనా అవతలివాడు దేన్ని పట్టుకుని అంత గట్టిగా అరుస్తున్నాడో నేను వెతుక్కుంటాను. చాలాసార్లు అక్కడొక ఆయాసం దొరుకుతుంది.

ఈమధ్య ఆ వరసలో కొత్త సినిమా తెలుగు మాటలతో వచ్చింది. అక్కకి అడ్డు చెప్పే పెద్దలు ఇప్పుడెవరూ లేరు, ఆ ఇంటికి ఆమే పెద్ద. నేనూ, జేబులో పీల్చుకునే మందుతో బావా, ఆమెని విజయనగరం తీసుకెళ్లాం. ఆమె చూసిన మొదటి సినిమా అది. ఒళ్లో చేతులు పెట్టుకుని కదలకుండా చూసింది. బయటికొచ్చి ఆటో ఎక్కాక, నేనే తీసినంత గర్వంగా అడిగాను, ఎలా ఉందక్కా అని.

"బాగానే ఉన్నాది గానీ," అంది అక్క, "నువ్వు సెప్పిన దొర మన మాటే సుబ్బరంగా మాటాడీవోడురా. ఈడేటి, మరీ సదువుకున్నోడిలా మాటాడతన్నాడు!"