తుండుగుడ్డ వేసిన సంచి

మోకాళ్ళు ఇంకా నా మాట వింటున్న రోజులవి. అప్పటికి నాకు తెలిసిన లోకం ఇటు నాతవరం, అటు విశాఖపట్నం. ఆ రెంటి మధ్య చెల్లే న్యాయం భూమ్మీద ఎక్కడైనా చెల్లుతుందని గట్టి నమ్మకం. చదివింది ఐదో క్లాసు (అదీ సగమే, మిగతా సగం చెరుకు తోటలో), నమ్మకాలకి మాత్రం లోటు లేదు. అనకాపల్లి కాంప్లెక్సులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తుండుగుడ్డ వేస్తే ఆ సీటు మనది. ఎంతటివాడైనా ఆ గుడ్డ తీసి కూర్చోడు. కూర్చుంటే లేపేదాన్ని.

అలాంటిదాన్ని మా చిన్నమ్మాయి పురిటికి కౌలాలంపూరు బయల్దేరేను. వీసా ఆలస్యమై నేను విమానం దిగేసరికి పిల్ల పుట్టి పదకొండో రోజు. ఆ రోజు దాటకుండా బాలింత నోట్లో కాయం పడాలి, లేకపోతే నడుం జన్మలో నిలబడదని మా అత్తగారి శాసనం. అందుకని శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు దంచి, కొత్త బెల్లం పాకంలో కలిపి, స్టీలు క్యారేజీలో పెట్టి తెచ్చేను. కొత్త పెట్టె దండగని యూరియా బస్తాతో కుట్టించిన సంచిలోనే సామానంతా సర్దేను.

ఎయిర్‌పోర్టులో సామాన్లు గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతున్నాయి. నా సంచి రాగానే లాగి గోడవార పెట్టేను. బాత్రూంకి వెళ్ళాలి కదా, చేతిలోని తుండుగుడ్డ దానిమీద పరిచి వెళ్ళేను. తిరిగొస్తే సంచీ లేదు, గుడ్డా లేదు. సంచి పోయినందుకంటే, గుడ్డకి మర్యాద ఇవ్వనందుకు ఎక్కువ మండింది.

బయట నిలబడ్డ మా అల్లుడు, "ఏటత్తా, ఒట్టి చేతుల్తో వచ్చీసేరు?" అన్నాడు.

"తుండుగుడ్డేసెల్లేను బాబూ! గుడ్డేసిన సంచి ఎవడైనా తీత్తాడా?"

అతనిదీ మా ఊరు తుమ్మపాలే. అయినా మొహం పాలిపోయింది. "ఆ యూరియా సంచేనా?"

"కడిగిందేలే."

లోపలికి పోయి కనుక్కుని వచ్చేడు. వదిలేసిన సంచి అని పోలీసులు పట్టుకెళ్ళేరట, పరీక్ష చేసి నాలుగింటికి రమ్మన్నారట. "ఇక్కడే కూకుంటే మీరు ఆళ్ళతో తగువేసుకుంటారు. రండి, ఈలోగా ఊరు సూపిత్తాను" అని కారెక్కించేడు. దారిలో అమ్మాయి ఫోను. "కాయం పోతే పోయిందే అమ్మా, ముందు నువ్వు రా!" అంది. "నోర్ముయ్, నీకేటి తెలుసు నడుం సంగతి" అన్నాను.

ఆకాశానికి తగిలే జంట మేడల ముందు, "అత్తా, పైకి సూడండి!" అంటాడు. నేను కింద పోయేవాళ్ళ చేతిసంచులు చూస్తాను. ఒకచోట నీళ్ళు పైకి చిమ్ముతున్నారు (మా కొండకర్ల ఆవలో ఇంతకి వందరెట్లు నీళ్ళున్నాయి, ఎవరైనా చిమ్ముతున్నారా?). గుహల దగ్గర కొండంత కుమారస్వామికి దణ్ణం పెడుతుంటే, ఒక కోతి ఎవరిదో పూల పొట్లం లాక్కుపోయింది. ఈ ఊళ్ళో కోతులకీ అదే బుద్ధి అనుకున్నాను. టైమెంతయిందని అల్లుణ్ణి ఎన్నిసార్లు అడిగేనో, చివరికి తన వాచీ విప్పి నా చేతిలో పెట్టేడు.

నాలుగింటికి ఒక గదిలో బల్లమీద నా సంచి. పక్కన తలకి గుడ్డ చుట్టుకున్న పోలీసావిడ, నా ఈడుదే. క్యారేజీ మూత తీసి వాసన చూసి గట్టిగా తుమ్మింది. మళ్ళీ వాసన చూసింది. మొహం మెత్తబడింది. రెండు చేతులూ ఊయలలా ఊపి, కనుబొమలెగరేసింది. నేను తలూపేను. ఆవిడ తన నడుం మీద చెయ్యేసుకుని, మూడు వేళ్ళు చూపించి, చేదు మింగినట్టు మొహం పెట్టింది. మూడు కాన్పులకీ వాళ్ళమ్మా వదల్లేదన్నమాట! చిటికెడు తీసి చేతిలో పెడితే నోట్లో వేసుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా నవ్వింది. ఆ తర్వాత నాలుగు మడతలు పెట్టిన నా తుండుగుడ్డ చేతికిచ్చి, వేలు చూపిస్తూ తిట్టింది చూడండీ! మా అత్తగారు పోయేక నన్నలా తిట్టినవాళ్ళు లేరు. తల వంచుకుని పడ్డాను.

పొద్దు కుంకకముందే అమ్మాయి చేత కాయం మింగించేను. దాని నడుం ఇవాళ్టికీ ఇనుపకమ్మీ.

అప్పటి ఫోటోలు మొన్న మనవరాలు తిరగేసింది. "అమ్మమ్మా, ఎనకాల అంత పెద్ద మేడలుంటే నువ్వెటు సూత్తన్నావే?" అంది.

"మీ అమ్మ నడుం కోసం ఎతుకుతున్నానే" అన్నాను.

ఊరంతా తిరిగి ఏమీ చూడకుండా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇప్పుడు చూద్దామంటే మోకాళ్ళు ఒప్పుకోవు. వచ్చేటప్పుడు ఆ మేడల మీద ఓ తుండుగుడ్డ వేసి రావలసింది.