రాయికి ఇటువైపు

కొండదారుల ఆఫీసులో ఆయన్ని అందరూ ఎర్రడబ్బా అనేవాళ్లు. ముప్ఫై రెండేళ్లు ఎర్రరంగు డబ్బా, రెండు బ్రష్షులు పట్టుకుని శిఖరాల మీది దారి పొడుగునా రాళ్లకు గుర్తులు వేశాడు. అది ఐదు రోజుల నడక. చెట్టు లేదు, నీడ లేదు, గాలికి అడ్డం లేదు. మూడు చోట్ల మాత్రం ఒక రాతిగుడిసె, పక్కన వాననీటి తొట్టి. ఎర్రడబ్బా వేసిన గుర్తు ఐదేళ్లయినా చెక్కుచెదరదని పైఅధికారులే ఒప్పుకునేవాళ్లు. పైఅధికారులు ఒకటి ఒప్పుకోవడం ఎంత అరుదో ఉద్యోగం చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆఫీసు జీపు ఎప్పుడూ ఆయన్ని తూర్పు చివర దింపి, పడమటి చివర ఎక్కించుకునేది. అందుకని గుర్తులన్నీ తూర్పు నుంచి వచ్చేవాళ్ల కంటికి ఎదురుగా పడ్డాయి. రాళ్లకు రెండోవైపు ఏమీ లేదు. పడమటి నుంచి వచ్చే ఒకరిద్దరు తమ తిప్పలేవో తాము పడి, తమ వెనక వచ్చేవాళ్ల కోసం చదును రాళ్లు మూడు ఒకదానిమీద ఒకటి పేర్చి పోయేవాళ్లు. అవి కనబడితే ఎర్రడబ్బాకు ఒళ్లు మండేది. "నా గుర్తులుండగా ఈ బొమ్మలాటలేంటి?" అని ఏటా కాలితో తన్నేసేవాడు. పోయినేడు ఆఖరి విడతలో కూడా ఒక్కటీ వదల్లేదు. లోయ అంచునున్న కుప్పనైతే మరీ ముచ్చటపడి తన్ని, రాళ్లు కిందపడ్డ చప్పుడు వినబడేదాకా చెవి ఒగ్గి నిలబడ్డాడు. అటు నుంచి వస్తే గుర్తులు కనబడవని ఎవరో ఉత్తరం రాస్తే, "అటు నుంచి ఎవడు నడుస్తాడు?" అని తీసిపారేసిందీ ఆయనే.

రిటైరయ్యాక ఒంటరిగా ఆ దారినే బయల్దేరాడు.

"ముప్ఫై రెండేళ్లు నడిచింది చాల్లేదా?" అంది భార్య.

"అది జీతం నడకే. డబ్బా మోయకుండా ఆ కొండల్ని ఒక్కసారి చూడాలి."

"ఐదో రోజు సాయంత్రానికి ఫోన్ రాకపోతే ఊరుకోను. మీ ఆఫీసు మొత్తాన్నీ కొండెక్కిస్తా."

రెండు రోజులు కుర్రాడిలా నడిచాడు. మూడో రోజు పొద్దున, రెండో గుడిసె దాటి మూడు గంటలు నడిచాక ముందు దారి లేదు. వానలకు చరియ జారి కొండ నిలువునా తెగిపోయింది. దిగబోయి మోకాలు మెలిపెట్టుకున్నాడు. పెద్ద నీళ్లసీసా లోయపాలైంది. చిన్నదాంట్లో నాలుగు గుక్కలు మిగిలాయి. మళ్లీ గుడిసె దగ్గరి నీళ్లు చేరితేనే బతుకు. అలా వెనక్కి తిరిగాడో లేదో, మబ్బు దిగింది.

పదడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. నా కొండే కదా అనుకున్నాడు. కానీ ఇన్నేళ్లూ దాన్ని ఒకవైపు నుంచే చూశాడు. ఇటు తిరిగితే అది ఎవరి కొండో! ఎక్కడ చూసినా రాళ్లే, ఒక్కదాని మీదా ఎరుపు లేదు. ప్రతి రాయినీ దాటి వెనక్కి తిరిగి చూస్తేగానీ గుర్తుందో లేదో తెలియదు. కుంటికాలితో ఒక్కో గుర్తుకూ నాలుగైదు రాళ్ల చుట్టూ తిరిగాడు. గంటకు వంద గజాలు కూడా జరగలేదు.

ఒకచోట కాలికి చదును రాళ్లు తగిలాయి. మూడున్నాయి, చెల్లాచెదురుగా. ఎవరో పనిగట్టుకుని ఏరుకొచ్చి పేర్చినవి, తాను తన్నినవి. సిగ్గుతో చచ్చిపోయాడు, దారి దొరికినందుకు ప్రాణం కూడా లేచొచ్చింది. అక్కణ్ణుంచి పాక్కుంటూ, నేలంతా చేతులతో తడుముకుంటూ, తాను చెడగొట్టిన కుప్పల్నే వెతుక్కుంటూ పోయాడు. ఏడు దొరికాయి.

ఎనిమిదోది దొరకలేదు. అది లోయ అంచుది. దాన్ని ఎక్కడికి పంపాడో ఆయనకు బాగా తెలుసు.

ఎడమా, కుడీ? ఒకవైపు దారి, ఒకవైపు నేలే లేదు. గులకరాయి విసిరి చూశాడు, చప్పుడు ఎటు నుంచి వచ్చిందో తేలలేదు. నీళ్లు అయిపోయాయి. మోకాలు కుండలా వాచింది. ఇక ఒక్క రాయి చుట్టూ తిరగడానికి కూడా ఓపిక లేక, దగ్గరున్నదానికి వీపు ఆనించి కూలబడ్డాడు.

"నా పని అయిపోయిందే" అని ఎదురుగా లేని భార్యతో పైకే అన్నాడు. చావు భయం ఒక ఎత్తు. పడమటి నుంచి వచ్చి ఇక్కడే ఇలా కూలబడ్డవాళ్లు ఎంతమందో, వాళ్లు ఇళ్లు చేరారో లేదో, తానెన్నడూ అడగలేదే అన్నది ఇంకో ఎత్తు. ముసలాయన చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

మధ్యాహ్నం దాటాక బూట్ల చప్పుడు వినిపించింది. తూర్పు నుంచి, ఎక్కడా తడబడకుండా, తీరిగ్గా. వీపున సంచితో ఒక నడివయసు ఆవిడ రాయి పక్కగా వచ్చి, ఆయన్ని చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో, ఏమైంది బాబాయ్‌గారూ? ఇక్కడ కూర్చున్నారేంటి?"

"దారి తప్పానమ్మా."

"ఇంత పెద్ద గుర్తు పెట్టుకునా? మీరు ఆనుకున్న రాయి మీదే ఉందండీ, అటువైపు. ఎవరు వేశారో గానీ, ఈ మబ్బులో కూడా ఎంత బాగా కనిపిస్తోందో!"

ఆవిడిచ్చిన నీళ్లు తాగి, ముందు దారి తెగిపోయిందని చెప్పాడు. గుడిసె దాకా తోడొస్తానని ఆవిడ చెయ్యి అందించింది.

"ఒక్క నిమిషం తల్లీ. ఓ మూడు చదును రాళ్లు ఏరి పెడతావా?"

"ఎందుకండీ? గుర్తు ఉందిగా."

"ఇటువైపు లేదమ్మా" అన్నాడు ఎర్రడబ్బా.