ఎర్ర దారం షీట్లు

కుల్కచర్ల దగ్గరి ఆ పల్లెలో ఎవరు జ్వరం గోలీ మింగినా, ఆ షీటు చివరికి చేరేది బీరన్న దగ్గరికే. ఖాళీదైనా, సగం మిగిలినదైనా పారేయనివ్వడు. గొర్రెలకు రంగు పూసి ఎవరి జీవమేదో గుర్తుపట్టే మనిషి కదా, ఒక్కో ఇంటి షీట్లకు ఒక్కో రంగు దారం కట్టి, దొడ్డిలో తీగకు గుచ్చేవాడు.

నవనీత చిన్నప్పటి నుంచీ ఆ తీగను చూస్తూనే ఉంది. తాండూరు ఆసుపత్రిలో నర్సు అయ్యాక కూడా, సెలవుకు ఇంటికొచ్చి తుమ్మిందంటే చాలు, బీరన్న గడపలో ప్రత్యక్షం.

“షీటు ఇయ్యి బిడ్డ.”

“ఎందుకు కాకా ఇవన్నీ?”

“చేన్ల కడ్త. మెరుస్తుంటె పిట్టలు బెదురుతయి.”

“నీకు చేనేడిది?”

బీరన్న గొర్రెను అదిలించే నెపంతో జారుకునేవాడు. ఆ ప్రశ్న ఆమెను ఏళ్ల తరబడి తొలిచింది.

మొన్న ఆ ఊళ్లోనే ఉండే మైసమ్మ అనే ఆమె జ్వరంతో నవనీత వార్డులోనే చేరింది. సూక్ష్మజీవులు రక్తంలోకి పాకాయి. మందు ఎక్కిస్తున్నా జ్వరం దిగడం లేదు. అవి ఏ మందుకు లొంగుతాయో తేల్చే రిపోర్టు రావడానికి రెండు రోజులు పడుతుంది. అంతవరకు మైసమ్మ ఆగేలా లేదు.

“ఇంతకుముందు ఏ గోలీలు వాడింది?” డాక్టర్ అడిగాడు.

“తెల్లయి సార్,” అన్నాడు ఆమె కొడుకు పరమేశ్.

దొడ్డిలోని తీగ గుర్తొచ్చి నవనీత బీరన్నకు ఫోన్ చేసింది. మధ్యాహ్నానికల్లా ఆయన బస్సు దిగాడు, తీగ మొత్తం దండలా మెడలో వేసుకుని. గేటు దగ్గర ఆపిన వాచ్‌మన్‌ను కూడా దగ్గు గోలీల షీటు అడిగాడట.

మైసమ్మ ఇంటి రంగు ఎరుపు. ఎర్ర దారం షీట్లు ఆరు తీశాడు. ఆరూ ఒకే మందు. ప్రతిదాంట్లో మూడేసి గోలీలు మిగిలే ఉన్నాయి.

“ఉగాది సంది గివే సార్. జర తగ్గంగనే బంద్ జేస్తది. మల్ల జరం, మల్ల గవే.”

డాక్టర్ వాటిని తిప్పి తిప్పి చూశాడు. “మనం ఎక్కిస్తున్నదీ ఈ జాతి మందే. ఇన్నిసార్లు సగంలో ఆపితే ఆ సూక్ష్మజీవులు దీనికి మొండికేసి ఉంటాయి,” అని అప్పటికప్పుడు మందు మార్చాడు. రెండు రోజులకు వచ్చిన రిపోర్టూ అదే చెప్పింది. అప్పటికే మైసమ్మ అంబలి అడుగుతోంది.

“ఇప్పుడన్న చెప్పు కాకా, పిట్టల కోసమేనా?” ఆ రెండు రోజులూ అక్కడే ఉండిపోయిన బీరన్నను అడిగింది నవనీత.

బీరన్న తల గోక్కున్నాడు. “మీ చిన్నమ్మ గిట్లనే పడ్డప్పుడు ఏం గోలీలు మింగిందని డాక్టర్ అడిగిండు. నేను గూడ తెల్లయే అన్న. నెల రోజులకు దక్కింది. ఊర్ల ఇంకెవ్వలకు గా పరేషాన్ రావొద్దనుకున్న. మీరు జబ్బున పడ్తరేమోనని దాస్తున్న అంటె ఎవ్వలిస్తరు? పిట్టలంటె ఇస్తరు.”

నవనీతకు ఆయన మీద పట్టరాని ఆపేక్ష కలిగింది.

పోతూ పోతూ, మైసమ్మకు ఎక్కించిన కొత్త మందు సీసా కావాలన్నాడు. బయటికి ఇవ్వకూడదని, ఆమె మందు పేరు చీటీ మీద రాసిచ్చింది. జేబులోంచి ఎర్ర దారం తీసి చీటీకి ముడేశాడు. ఆ వెనకే ఇంకో దారం వచ్చింది.

“నీకు దగ్గొచ్చిందటగద బిడ్డ. మీ ఇంటి నీలిది గూడ తెచ్చిన. షీటేది?”