పేజీ తీసేసింది నేను కాదు

పుంగనూరు బస్టాండు ఎదురుగా దేవేంద్ర నెట్ సెంటర్ ఉండేది. ఊళ్లో సగం మందికి ఈమెయిలు తెరిచి ఇచ్చింది అతనే. పాస్‌వర్డు అతనే పెట్టేవాడు, అతనే గుర్తుంచుకునేవాడు. మరిచిపోయినవాళ్లు వచ్చి అడిగితే చెప్పేవాడు. దీన్నెవరూ తప్పనుకోలేదు. 2008లో ఫేస్‌బుక్ ఇంకా ఊళ్లలోకి రాని రోజుల్లో, టైలర్ కృష్ణప్ప కూతురు మునీశ్వరికి ఆర్కుట్ పేజీ తెరిచి ఇచ్చిందీ అతనే.

అప్పట్లో ఆడపిల్లలు ఆర్కుట్‌లో తమ ఫొటో పెట్టేవాళ్లు కాదు. ఒక గులాబీ, ఒక పసిబిడ్డ, లేదంటే ఎవరో హీరోయిన్. మునీశ్వరి తన ఫొటోనే పెట్టింది. పక్కన బీఎస్సీ, బీఈడీ, లెక్కల టీచరు అని రాసుకుంది.

అంతకు ముందు ఆమె మదనపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేసింది. చేరిన రోజే టీచర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టడం అక్కడి పద్ధతి. మధ్యలో ఎవరూ మానేసి పోకుండా అదో కట్టు. మునీశ్వరి మానేసి తనవి అడిగితే ఇవాళ రేపు అన్నారు. ఆర్కుట్‌లో టీచర్ల కమ్యూనిటీ ఒకటి ఉండేది. స్కూలు పేరు పెట్టి, కింద తన పేరు పెట్టి, జరిగినదంతా అందులో రాసింది. దాని కిందే వేరే వేరే స్కూళ్ల టీచర్లు తమ గోడు రాశారు. సైన్సు టీచరు సువర్ణ కూడా సొంత పేరుతోనే రాసింది. కొద్ది రోజులకే మునీశ్వరి సర్టిఫికెట్లు అటెండరు చేతిలో ఇంటికొచ్చాయి. మరో స్కూలు బీరువాలో ఇరుక్కున్న సువర్ణ సర్టిఫికెట్లు రాలేదు.

కొత్త ఉద్యోగం మాత్రం దొరకలేదు. వెళ్లిన ప్రతి స్కూల్లో ఆ పేజీ, ఆ రాత సంగతే ఎత్తారు.

"పని అడగను పోతా, నేను కొట్లాడే మనిషినని ముందే బోర్డు తగిలిచ్చుకుంటారా పాపా? తీసెయ్యి" అన్నాడు కృష్ణప్ప.

"నేను తీస్తే దాని కింద సువర్ణక్క వాళ్లు రాసింది కూడా పోతాది నాయనా. తీయను."

జూన్‌లో కుప్పం స్కూలు నుంచి పిలుపొచ్చింది. బోర్డు మీద పాఠం చెప్పించారు. కరస్పాండెంట్ మురళీధర్ వెనక బెంచీలో కూర్చుని విన్నాడు. తర్వాత తన గదికి పిలిచాడు.

"పాఠం బాగుండాది మేడమ్. సోమవారం వచ్చేయండి. పోయిన వారం మా కంప్యూటర్ సారు మీ పేజీ సూపిస్తే భయపడినాను. పొద్దున సూస్తే ఆ గొడవ లేదు. గులాబీ పువ్వు పెట్టుకున్నారు. అట్లుండాల."

మునీశ్వరి గులాబీ పెట్టలేదు. ఎవరు పెట్టారో, ఎవరు పెట్టించారో అక్కడే అర్థమైంది. ఊరుకుంటే ఉద్యోగం ఆమెదే.

"తీసేసింది నేను కాదు సార్."

"ఎవురైతే ఏముంది, పోయింది గదా."

"ఈ పొద్దే మళ్లా రాస్తాను."

"యాల మేడమ్? మీ సర్టిఫికెట్లు మీకు వచ్చేసె."

"రాసినందుకే వచ్చినాయి సార్. రానోళ్లు ఇంకా ఉండారు."

మురళీధర్ పెన్నుకు మూత పెట్టాడు. "సరే మేడమ్. కబురు చేస్తాం."

కబురు చేస్తాం అంటే ఏమిటో ఇంటర్వ్యూలకు తిరిగిన వాళ్లందరికీ తెలుసు. పలమనేరులో బస్సు మారి పుంగనూరులో దిగిన మునీశ్వరి ఇంటికి పోలేదు. నేరుగా నెట్ సెంటర్‌కే పోయింది.

"మీ నాయన వచ్చినాడు తల్లీ. నీ మేలుకే అన్నాడు. నువ్వే చెప్పి పంపినావనుకుంటి" అన్నాడు దేవేంద్ర.

"నా పేజీ తీసేటప్పుడు నన్ను అడగల్లా వద్దా అన్నా?"

"పాస్‌వర్డు నా కాడే ఉండాది గదా."

"ఇంక ఉండదు. లెయ్యి. అట్ల తిరుగు."

దేవేంద్ర లేచి గోడవైపు తిరిగాడు. "తిరిగినా. రేపు మర్చిపోయినానని నా కాడికి రావద్దు."

"రాను."

పాస్‌వర్డు మార్చింది. ఫొటో మళ్లీ పెట్టింది. జరిగింది మళ్లీ రాసింది. మిగతావాళ్లు రాసిన మాటలు మాత్రం తిరిగి తేలేకపోయింది. సువర్ణకు ఫోన్ చేస్తే, "పోతే పోనీమ్మా, ఈసారి ఇంకా బాగా రాస్తా" అంది.

ఇంటికి పోయి సంగతి చెప్తే, కృష్ణప్ప తల ఎత్తకుండా మిషన్ తొక్కుతూనే ఉన్నాడు. "కుప్పం పనీ పాయె. ఎన్నాళ్లు నా సంపాదన మీద ఉంటావు?"

"నీ కూడు తినేదానికి సిగ్గు లేదు నాయనా. నన్ను అడక్కుండా నా నోరు మూసినావే, దానికి నువ్వు సిగ్గుపడు."

ఆయన మిషన్ ఆపాడు. ఆర్కుట్ మాట మళ్లీ ఎత్తలేదు.

కుప్పం నుంచి కబురు రాలేదు. ఆ తర్వాత ఇంటర్వ్యూకు పోయినప్పుడల్లా మునీశ్వరి తన పేజీని ప్రింటు తీయించుకుని పోయేది. రెండు చోట్ల అది చూసి, టీ ఇచ్చి పంపేశారు. ఆగస్టులో మదనపల్లెలో ఒక చిన్న క్రిస్టియన్ మిషన్ స్కూలుకు పోయింది. హెడ్మాస్టరు దేవదాసు ముందు కూర్చోగానే ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది.

"ముందు ఇది సూడండి సార్. ఎట్లాగూ ఎవురో ఒకరు మీకు సూపిస్తారు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివాడు. "దీంట్లో అబద్ధమేమన్నా ఉండాదా అమ్మా?"

"లేదు సార్."

"తొమ్మిదో తరగతికి రెండు నెలల్నుంచి లెక్కల టీచర్ లేరు. రేపొద్దున రా" అంటూ, అలవాటు కొద్దీ సర్టిఫికెట్ల ఫైలు కోసం చెయ్యి చాపాడు.

మునీశ్వరి ఫైలు ఒళ్లోకి లాక్కుంది. "సూసి ఇచ్చేయండి సార్. మీ కాడ ఉంచుకునేదానికి జెరాక్సులు తెచ్చినాను."

దేవదాసు ఆమె వైపు, ప్రింటు వైపు చూశాడు. జెరాక్సులే తీసుకున్నాడు.