అత్తరు వాసన కారు

నా పేరు పాషా. కోరుట్ల బస్టాండు వెనక సందులో ముప్పై ఏళ్లుగా బండ్ల కరెంటు పని చేస్తున్నాను. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటుంది. రాదా మరి? బ్యాటరీ చచ్చేదాకా సెల్ఫ్ కొట్టి కొట్టి, "నేనేం చెయ్యలే భాయ్, దానంతట అదే ఆగింది" అనేవాళ్లతోనే నా బతుకంతా గడిచింది. అలాంటి నన్ను కూడా ఏడిపించిన బండి ఒక్కటే. సారంగాపూర్ లచ్చయ్యది.

అది ఫ్రాన్స్ కంపెనీ కారు. హైదరాబాదులో ఎవరో డాక్టరు చాన్నాళ్లు వాడి వదిలించుకున్నది. మొదటి రోజే లచ్చయ్యను దులిపేశాను.

"గీ బండి ఎందుకు కొన్నవయ్యా? దీని సామాను జగిత్యాలల దొరకది, కరీంనగర్ల దొరకది."

లచ్చయ్య నవ్వి, ఎడమ కాలు మీద చెయ్యి వేసి చూపించాడు.

"దీనికి క్లచ్ లేదు భాయ్. గందుకే కొన్న."

ఇరవై ఆరేళ్లు తాటిచెట్లెక్కిన మనిషి. ఒక వానాకాలం పొద్దున పట్టు తప్పి కింద పడ్డాడు. ఎడమ కాలిలో రాడ్ వేశారు, ఆ మోకాలు ఇక వంగదు. రెండేళ్లు వాకిట్లో మంచమే అతని ప్రపంచం. ఎవరైనా దయతలచి బండి మీద ఎక్కించుకుంటే పోవాలి, లేకపోతే లేదు. ఈ కారు వచ్చాక కుడికాలు ఒక్కదానితో ఎక్కడికంటే అక్కడికి తిరుగుతున్నాడు. "పొద్దుగాల తోట కాడికి పోయిన, గటే జగిత్యాల పోయిన" అని చెప్పేటప్పుడు ఆ ముఖం చూడాలి మీరు.

మొదటిసారి చిన్న పనికే వచ్చాడు. వెనక లైటు వెలగడం లేదు. పది నిమిషాల్లో చేసి పంపాను. నా ఖర్మ అక్కడ మొదలైంది. పదిహేను రోజులకు మళ్లీ ప్రత్యక్షం. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక వైపరు తిరుగుతోందట. అది సర్దితే, అద్దాలు వాటంతట అవే దిగడం మొదలైంది. అద్దాల సంగతి చూస్తే, బ్రేకు తొక్కినప్పుడల్లా రేడియో గొంతు పెంచేది. ఒకసారి బ్యాటరీ వైరు తీసి పెట్టాను, తెర మీద అక్షరాలన్నీ ఫ్రెంచిలోకి మారిపోయాయి. నాకు ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు, ఇంగ్లీషు అంతో ఇంతో వచ్చు. ఫ్రెంచి ఎక్కడి నుంచి తెచ్చేది? పైగా దానికి మర్యాదలొకటి. బండి ఆపాక పది నిమిషాలు ఆగాలి, లోపల కంప్యూటర్లన్నీ నిద్రపోవాలి, అప్పుడే బ్యాటరీ మీద చెయ్యి వెయ్యాలి. ఒక బండిని జోకొట్టి పని చెయ్యడం నా జన్మలో అదే మొదలు.

లచ్చయ్య మాత్రం దానితో కాపురం నేర్చుకున్నాడు. స్టార్టు కాకపోతే దిగి, తలుపు రెండుసార్లు గట్టిగా వేసి, మళ్లీ ఎక్కేవాడు. అద్దం ఎప్పుడు దిగుతుందో తెలియదు కాబట్టి భార్య లక్ష్మవ్వ వానలో కారు లోపలే గొడుగు పట్టుకుని కూర్చునేది.

"ఎడమకు తిరగాలంటే లక్ష్మి చెయ్యి బయట పెడ్తది భాయ్. ఉత్తగ వైపరు అరగదీసుడెందుకు?" అని హాయిగా నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. నా దగ్గరికి వచ్చే బండ్లలో అంత శుభ్రమైనది ఇంకొకటి లేదు. తలుపు తీస్తే గుప్పున అత్తరు వాసన. "ఏం లచ్చన్నా, పెండ్లికొడుకువా?" అని వెక్కిరించేవాణ్ని. తల దించుకుని నవ్వేవాడే తప్ప జవాబు చెప్పేవాడు కాదు.

ఏడోసారి వచ్చింది శుక్రవారం మధ్యాహ్నం. జుమ్మా నమాజుకు పోదామని నేను చేతులు కడుక్కుంటున్నాను. కారు సందులోకి తిరిగిందో లేదో హారన్ పట్టుకుంది. ఇక ఆగదే! సందంతా బయటికొచ్చింది. వైరు పీకి పారేసి అతని మీద పడ్డాను.

"నీకో దండం, నీ బండికో దండం! అమ్మెయ్ దీన్ని. ఇంకోసారి నా దుకాణం ముందట కనవడొద్దు."

లచ్చయ్య మెల్లగా అన్నాడు. "నువ్వు గూడ చెయ్యనంటే అమ్ముడే. అమ్మితే మల్ల మంచమే గద భాయ్."

విన్నాను. కోపంలో విననట్టు నటించాను. అక్కడికక్కడే సిరిసిల్లలో జితేందర్‌కు ఫోన్ చేశాను. పాత బండ్లు విప్పి సామాను అమ్ముకునే మనిషి. ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు.

ఆ రెండు రాత్రులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆదివారం పొద్దున లచ్చయ్య ఇంటికి ఫోన్ చేసి, వస్తున్నామని లక్ష్మవ్వతో చెప్పి, జితేందర్ లారీలో నేనూ ఎక్కాను. దారి చూపించడానికని అతనికి చెప్పాను. నిజానికి లచ్చయ్య ఒక్కడే తాళం చేతికివ్వడం ఊహించుకోలేకపోయాను.

సారంగాపూర్‌లో ఇంటి ముందు లారీ దిగి చూశాను. కారు నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. లచ్చయ్య పీట మీద కూర్చుని, ఎడమ కాలు చాచి, నీళ్ల పైపుతో కారు లోపల కడుగుతున్నాడు! పక్కన నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు. వాకిలంతా కల్లు వాసన.

"ఓ లచ్చయ్యా! లోపల పైపు పెట్టినవేందయ్యా!" అని పరుగెత్తి నల్లా కట్టేశాను.

లక్ష్మవ్వ నా అరుపుకు బెదరలేదు. "నువ్వస్తున్నవంటివి గదనే అన్నా. నీ కాడికి బండి వచ్చేదుంటే ఎప్పుడైనా గిట్లనే కడుగుతడు. ఎండకు పెట్టి, అత్తరు కొట్టి తెస్తడు."

"ఎప్పుడైనానా?"

లచ్చయ్య తల గోక్కున్నాడు. "మా తమ్ముడు గీసిన కల్లు దినాం జగిత్యాలకు నేనే తీసుకపోత భాయ్. గతుకులల్ల పొంగి సీట్ల కింద పడ్తది. వేరే దినాలు గుడ్డతోని తుడుస్త. నీ కాడికి గట్ల ఎట్ల రావాలె? నువ్వు గా సీట్ల కూసొని పని చేస్తవ్. గా బట్టలతోనే నమాజుకు పోతవ్. కల్లు అంటితె ఎట్ల?"

కారులోకి వంగి కార్పెట్ మీద చెయ్యి పెట్టి నొక్కాను. కింది నుంచి నీళ్లు ఊరాయి.

ఆ కారులో కార్పెట్ కింద మందపాటి స్పాంజి ఉంటుంది. దాని కింద వైర్ల సాకెట్లు. ఎండకు పైన ఆరుతుంది, కింద నీళ్లు అలాగే నిలుస్తాయి. లచ్చయ్య నా కోసం కడిగి తెచ్చేవాడు, నేను ఒక రోగం నయం చేసేవాణ్ని, ఆ కడిగిన నీళ్లతో ఇంకో రోగం పుట్టేది. మరి నేనేం చేశాను? కార్పెట్ లేపాలంటే సీట్లు విప్పాలి, ఎవడు విప్పుతాడని ఏడుసార్లు పైపైనే చూసి పంపాను. సగం తప్పు అతని మర్యాదది, సగం నా బద్ధకానిది. పాపం ఫ్రాన్సువాళ్లను మాత్రం ఏడాదంతా తిట్టాను.

బండి నిద్రపోయేదాకా ఆగి బ్యాటరీ తీశాను, సీట్లు దించాను. స్పాంజి పిండితే బకెట్ నిండింది. సాకెట్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

"భాయ్, బండి లారీల ఎక్కియ్యాల్నా?" అన్నాడు జితేందర్.

"వద్దు. నువ్వు పో."

"సిరిసిల్ల నుంచి గింత దూరం వస్తే గిదేంది?"

"అన్నం తిని పో!" అని అరిచాను. లక్ష్మవ్వ నిజంగానే అన్నం పెట్టింది. రెండుసార్లు కూర వేయించుకుని తిని పోయాడు.

కార్పెట్ ఆరెయ్యడానికి లక్ష్మవ్వ ఇంట్లోంచి మంచం ఈడ్చుకొచ్చింది. లచ్చయ్య రెండేళ్లు పడుకున్న మంచం. కార్పెట్‌ను దాని మీద పరిచి ఎండలోకి జరిపాం. లచ్చయ్య నిలబడి కాసేపు చూశాడు.

"ఇగ మంచం మీద అది పండుకోని భాయ్. నా వంతు అయిపోయింది."

నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. చిలుము పడిందని చెప్పి తుడుచుకున్నాను.

ఇప్పుడు డబ్బాల కింద రబ్బరు షీటు ఉంది. ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ ఇండికేటరే వెలుగుతోంది. మొన్న ఏదో బల్బు పనికి వచ్చి, లచ్చయ్య సందు మొదట్లోనే కారు ఆపి నడిచొచ్చాడు.

"జెర గక్కడికే వచ్చి చూస్తవా భాయ్? వాసనస్తుంది."

"కడిగినవా?"

"కడుగలే."

"మరింకేంది? దుకాణం ముందటికి తీసుకరా."

దుకాణంలో మేకుకు ఒక పాత అంగీ, లుంగీ తగిలించి పెట్టాను. అవి లచ్చయ్య కారు బట్టలు. పని కాగానే విప్పేసి, కాళ్లూ చేతులూ కడుక్కుని, నా బట్టలేసుకుని నమాజుకు పోతాను. మార్చుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ అత్తరు ఎందుకని ఒక్కసారి సరిగ్గా అడగక, ఈ రెండు నిమిషాలతో పోయేదానికి ఒక మనిషిని మళ్లీ మంచం ఎక్కించబోయాను.